దొరికిన రాయి జియోడేనా? పగలగొట్టే ముందు హైదరాబాద్ నేలను అడగాల్సిన ప్రశ్న

సంక్షిప్తంగా: హైదరాబాద్ నగరం గ్రానైట్ మీద ఉంది. లోపల ఖాళీ ఉండి గోడలకు స్ఫటికాలు పట్టిన జియోడ్లు ఎక్కువగా బసాల్ట్‌లో, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయిలో, కొన్నిచోట్ల సున్నపురాయిలో ఏర్పడతాయి. కాబట్టి ఇక్కడ దొరికిన రాయి విషయంలో ఆకారం కంటే ముందు అది ఎక్కడిదో తేల్చుకోవాలి. తర్వాత పైచిప్పను పరిశీలించాలి, బరువును, ఘనపరిమాణాన్ని లెక్కగట్టాలి. సుత్తి, కట్టర్ ఆఖరి మాట.

గుండ్రటి రాయిని ఒక్క దెబ్బ కొడితే రెండు చిప్పలుగా విడిపోయి, లోపల ఊదారంగు స్ఫటికాలు తళుక్కుమనే వీడియోలు ఈమధ్య ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. వాటి ప్రభావం బయట కూడా కనిపిస్తోంది. అనంతగిరికి ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు, ఖాజాగూడ గుట్టల మీద నడకకు వెళ్లేవాళ్లు, ఇంటికి పునాది తవ్విస్తున్నవాళ్లు గుండ్రంగా, గరుకుగా ఉన్న రాయి కనబడితే ఆగి చేతిలోకి తీసుకుంటున్నారు. వెంటనే వచ్చే అనుమానం ఒకటే: ఇది జియోడ్ అయి ఉంటుందా?

ఆ వీడియోల్లోని రాళ్లు చాలావరకు జియోడ్లకు పేరుపడిన ప్రాంతాల నుంచి ఏరి తెచ్చినవి. పగలగొడితే గట్టిగా, నిండుగా తేలిన రాయి వీడియోకెక్కదు. దీంతో గుండ్రటి రాయి అంటే లోపల ఏదో ఉండే ఉంటుందన్న అభిప్రాయం స్థిరపడుతోంది. హైదరాబాద్‌లో ఈ అభిప్రాయం ప్రత్యేకంగా తప్పుదారి పట్టిస్తుంది. ఎందుకంటే గుండ్రటి రాళ్లకు ఈ ఊరు పెట్టింది పేరు. అవి గుండ్రబడడానికీ జియోడ్లకూ మాత్రం ఏ సంబంధమూ లేదు.

జియోడ్ అంటే ఏమిటి, ఏది కాదు

కురిడి కొబ్బరికాయను ఊహించుకుంటే సగం అర్థమైపోతుంది. బయట గట్టి చిప్ప, చిప్ప లోపలి గోడకు అంటుకున్న పొర, మధ్యలో ఖాళీ. జియోడ్‌లో చిప్ప సాధారణంగా చాల్సిడనీ అనే సన్నని కణాల సిలికా. లోపలి పొరలో పలుగురాయి, అంటే క్వార్ట్జ్ స్ఫటికాలు మొనలు ఖాళీ వైపు చాచి ఉంటాయి. క్వార్ట్జ్‌కు బదులు కాల్సైట్ గానీ, జియోలైట్ జాతి ఖనిజాలు గానీ ఉండొచ్చు.

ఇందులో ముఖ్యమైన మాట చివరిది: ఖాళీ. మధ్యలో ఖాళీ లేకుండా మొత్తం నిండిపోతే అది జియోడ్ కాదు, నాడ్యూల్ అంటారు. రంగురంగుల వలయాలతో కోసి అమ్మే అగేట్ రాళ్లు చాలావరకు ఈ రకమే. ఇక పెద్ద బండలో పగులు తెరుచుకుని దాని గోడలకు స్ఫటికాలు పడితే దాన్ని వగ్ అంటారు. జియోడ్‌కు సొంత చిప్ప ఉంటుంది. చుట్టూ ఉన్న రాయి శిథిలమైపోయినా అది విడిగా, ముక్కలవకుండా బయటపడుతుంది. వగ్‌ను బండ నుంచి అలా వేరు చేయలేం.

పరిమాణానికి హద్దు లేదు. గోలీ అంత చిన్నవి ఉంటాయి. స్పెయిన్‌లోని పుల్పీలో పాత గనిలో 1999లో కనుగొన్న జిప్సం జియోడ్ పొడవు సుమారు 8 మీటర్లు, మనుషులు లోపలికి దిగగలిగేంత. 2019 నుంచి సందర్శకులను కూడా అనుమతిస్తున్నారు.

లావాలో బుడగ, బుడగలో స్ఫటికం

లావా పైకి వచ్చేటప్పుడు అందులో కరిగి ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ విడిపోయి బుడగలవుతాయి. బుడగలు పైకి లేస్తుండగానే లావా గడ్డకడితే అవి ఎక్కడివక్కడ చిక్కుకుపోతాయి. అందుకే ఒక లావా ప్రవాహాన్ని నిలువునా కోసి చూస్తే మధ్యభాగం గట్టిగా, దట్టంగా ఉంటుంది. పైభాగం మాత్రం రంధ్రాలతో నిండి ఉంటుంది. జియోడ్‌కు కావాల్సిన గది ఇక్కడ తయారైనట్టు.

గది నిండడానికి చాలా కాలం పడుతుంది. వాననీరు, భూగర్భజలం బసాల్ట్‌లోకి ఇంకుతూ అందులోని సిలికాను కరిగించుకుంటాయి. ఆ నీరు బుడగలోకి చేరి, గోడకు పొరలు పొరలుగా సిలికాను వదులుతుంది. నీటిలో సిలికా ఎక్కువగా ఉన్నప్పుడు స్ఫటికాలు పెద్దవి కావు, సన్నని చాల్సిడనీ పొరలే పడతాయి. గాఢత తగ్గాక నింపాదిగా క్వార్ట్జ్ స్ఫటికాలు పెరుగుతాయి. అందుకే దాదాపు ప్రతి జియోడ్‌లోనూ వరుస ఇదే: అంచున చాల్సిడనీ, లోపలికి స్ఫటికాలు. క్వార్ట్జ్‌లో లేశమాత్రం ఇనుము చేరి, చుట్టూ ఉన్న రాళ్ల సహజ రేడియోధార్మికత తగిలితే ఊదారంగు వస్తుంది. ఎమెథిస్ట్ అంటే అదే.

సున్నపురాయిలో దారి వేరు. అక్కడ బుడగలు ఉండవు. రాయిలో ముందే ఉన్న గడ్డలాంటి పదార్థం కరిగిపోతూ, దాని స్థానంలోకి సిలికా చేరి బయటి నుంచి లోపలికి గట్టిపడుతుంది. అమెరికాలో అయోవా, మిస్సోరి, ఇల్లినాయ్ రాష్ట్రాలు కలిసేచోట దొరికే కియోకుక్ జియోడ్లు ఇలాంటివే. అయోవా 1967లో జియోడ్‌ను తమ రాష్ట్ర శిలగా ప్రకటించుకుంది కూడా.

హైదరాబాద్ గ్రానైట్‌లో ఎందుకు దొరకవు

బంజారాహిల్స్, మౌలాలి, గచ్చిబౌలి, ఖాజాగూడ. ఎక్కడ చూసినా కనబడే గులాబీ, బూడిదరంగు బండలన్నీ గ్రానైటే. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఈ గ్రానైట్ నేలమీద పారిన లావా కాదు. కిలోమీటర్ల లోతున, పైనున్న రాళ్ల ఒత్తిడి కింద మాగ్మా, అంటే భూమి లోపలి కరిగిన రాయి, నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. అంత ఒత్తిడిలో వాయువులు బుడగలుగా విచ్చుకోలేవు. ఖనిజాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరిగి సందు లేకుండా అల్లుకుపోతాయి. పగలగొట్టిన గ్రానైట్ ముక్కలో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లటి అభ్రకం రేకులు కలగలిసి కనబడేది అందుకే. మాగ్మా చల్లారే చివరి దశలో, పెగ్మటైట్ అనే ముతక రాతి పట్టీల్లో అక్కడక్కడా చిన్న సందులు మిగిలి వాటిలో స్ఫటికాలు పెరగొచ్చు. అయితే వాటికి సొంత చిప్ప ఉండదు. అవి బండలో భాగమే.

మరి బండలు ఎందుకు గుండ్రబడ్డాయి? గ్రానైట్ నేలమీదికి తేలినకొద్దీ పైబరువు తగ్గి, నిలువుగా, అడ్డంగా పగుళ్లు వచ్చాయి. నీరు ఆ పగుళ్లలోకి దిగింది. ఘనాకారపు దిమ్మెలకు మూలలు ఉంటాయి కదా, మూలల మీద నీరు మూడు వైపుల నుంచీ దాడి చేస్తుంది, అంచుల మీద రెండు వైపుల నుంచి, ముఖాల మీద ఒక్కవైపు నుంచే. మూలలు ముందు కరిగి, మిగిలింది గుండ్రటి గుండు. శిథిలమైన మెత్తటి భాగం మొరంగా మారి వానకు కొట్టుకుపోయింది. పునాది తవ్వకాల్లో మొరం మధ్యలో బంతుల్లాంటి రాళ్లు తగలడానికి కారణం ఇదే. పగలగొడితే లోపల తాజా గ్రానైట్ తప్ప ఏమీ ఉండదు. ఇంకా సూటిగా చెప్పాలంటే, అలాంటి రాయిని కష్టపడి పగలగొట్టేవాళ్లకు దక్కేది కంకరే.

చేవెళ్ల దాటితే లెక్క మారుతుంది

నగరానికి పడమరగా చేవెళ్ల, వికారాబాద్ వైపు వెళ్తుంటే ఎర్ర మొరం నేల పోయి నల్లరేగడి మొదలవుతుంది. అది మట్టి రంగు మారడం మాత్రమే కాదు, కిందనున్న రాయి మారిందని గుర్తు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన దక్కన్ లావా తూర్పు అంచు అక్కడిదాకా వచ్చింది. ఈ లావా ఈనాటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, ఎక్కువగా మహారాష్ట్రలో, పరుచుకుని ఉంది. అనంతగిరి కొండలు, జహీరాబాద్, పొరుగున బీదర్ దీని అంచులోవే. కొండల పైభాగంలో బసాల్ట్ శిథిలమై ఏర్పడిన ఎర్రటి లాటరైట్ టోపీలా కప్పి ఉంటుంది.

బసాల్ట్ నీటికి, గాలికి తేలిగ్గా లొంగి బంకమట్టిగా మారుతుంది. సిలికా అలా లొంగదు. ఫలితంగా రాయంతా నల్లరేగడిగా మారిపోయినా అందులోని చాల్సిడనీ గడ్డలు, అగేట్లు, అరుదుగా జియోడ్లు చెక్కుచెదరకుండా మట్టిలో మిగులుతాయి. దుక్కి దున్నినప్పుడు నాగలికి తగిలి పైకొచ్చే పాలరంగు, తేనెరంగు రాళ్లు ఇవే. గట్టు పక్కన ఏరి పోసిన కుప్పల్లో చూస్తే కొన్నిటి ఒక వైపు నున్నగా, మైనం పూసినట్టు ఉంటుంది. మరో వైపు బసాల్ట్ గోడకు అంటుకుని పెరిగిన గుంటలు, బొడిపెలు కనబడతాయి. కొన్నిటి మీద పచ్చటి పూత కూడా ఉంటుంది. అది సెలడొనైట్ అనే ఖనిజం, బసాల్ట్ బుడగ గోడకు మొదట పట్టే పొర. పచ్చపూత ఉన్న గడ్డ దొరికిందంటే అది బుడగలో పుట్టిందని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. లోపల ఖాళీ ఉందో లేదో మాత్రం ఆ పూత చెప్పలేదు.

అంచనాలు ఇక్కడ కూడా అదుపులో ఉంచుకోవాలి. మహారాష్ట్ర పడమటి కనుమల్లో దక్కన్ లావా మందం దాదాపు 2 కిలోమీటర్లు. తూర్పు అంచుకు వచ్చేసరికి బాగా పలచబడుతుంది. జలగావ్, నాసిక్, ఛత్రపతి శంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాద్), పుణె ప్రాంతాల క్వారీల్లో, బావుల తవ్వకాల్లో బయటపడే అపోఫిలైట్, స్టిల్బైట్ స్ఫటికాలు ప్రపంచవ్యాప్తంగా మ్యూజియంలకెక్కాయి. తెలంగాణ అంచున దొరికేవి ఎక్కువగా చిన్నవి, నిండిపోయినవి. పెద్ద ఎమెథిస్ట్ గుహల్లాంటి జియోడ్లు వచ్చేది దక్షిణ బ్రెజిల్ నుంచి, ఉరుగ్వేలోని ఆర్టిగాస్ నుంచి. అవి కూడా లావా మైదానాలే, కానీ 13 కోట్ల ఏళ్లకు పైబడినవి.

ఎక్కడినుంచో వచ్చిన రాళ్లు

దొరికిన చోటు ముఖ్యమే గానీ, నగరంలో రాళ్లు ఊరికే ఉండవు. రోడ్డు పక్కన, అపార్ట్‌మెంట్ లాన్‌లో, కట్టుబడి స్థలంలో దొరికిన రాయి లారీలో వచ్చి ఉండొచ్చు. గార్డెన్‌లో పోసే నున్నటి గులకరాళ్లు ఎక్కడివో అమ్మినవాళ్లకే తెలియకపోవచ్చు.

నది ఇసుక విషయం ఆసక్తికరం. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, దక్కన్ బసాల్ట్ మీదుగా తెలంగాణలోకి వస్తుంది. గోదావరిదీ అదే దారి. ఇసుక జల్లెడ పట్టగా మిగిలిన గులకల్లో కాంతికి పట్టి చూస్తే వెలుగు దూరే నారింజ రంగు రాళ్లు ఒకటీ అరా కనబడితే అవి వందల కిలోమీటర్ల అవతలి లావా బుడగల్లోంచి కొట్టుకొచ్చిన అగేట్ ముక్కలు కావచ్చు. రోబో శాండ్ వాడకం పెరిగాక ఈ అవకాశం కూడా తగ్గింది. ఆ ఇసుక ఎక్కువగా గ్రానైట్‌ను పిండి చేసిందే.

మూసీ పుట్టేదీ అనంతగిరిలోనే. కాబట్టి పాత మూసీ గులకల్లో బసాల్ట్, చాల్సిడనీ ఉండడానికి అవకాశం ఉంది. అయితే 1908 వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయ్యాక ఎగువ నుంచి వచ్చే గులక చాలావరకు జలాశయంలోనే ఆగిపోతుంది. నగరం మధ్యలో మూసీ ఒడ్డున ఇప్పుడు కనబడేది ఎక్కువగా భవన శిథిలాలే. ఇంకో రవాణాదారు మనిషే. దక్కనులో రాతియుగం మనుషులు చిన్న పనిముట్లకు చాల్సిడనీ, అగేట్, చెకుముకి రాళ్లు వాడారు. గ్రానైట్ గుట్ట మీద పదునంచు ఉన్న చిన్న చాల్సిడనీ పెచ్చు దొరికితే అది జియోడ్ ముక్కా అన్నది రెండో ప్రశ్న. పనిముట్టా అన్నది మొదటిది.

జియోడ్‌లా మభ్యపెట్టేవి

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది సిమెంట్ కాంక్రీట్ ముద్ద. మట్టి పట్టి, అరిగి, గుండ్రబడితే అచ్చం ప్రాచీన శిలలా ఉంటుంది. తడిపి చూస్తే లోపలి కంకర ముక్కలు అంచులతో సహా బయటపడతాయి.

ఇనుప చిట్టెం రెండోది. ఉత్తర తెలంగాణలో పాత కొలుముల దగ్గర చిట్టెం గుట్టలు ఉన్నాయి. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కుకు ఒకప్పుడు దేశాంతరాల్లో గిరాకీ ఉండేది. చిట్టెంలోనూ బుడగలుంటాయి, గాజులాంటి మెరుపు ఉంటుంది. కానీ ఆ బుడగలు నున్నగా, ఖాళీగా ఉంటాయి, గోడలకు స్ఫటికాలుండవు. చాలాసార్లు అయస్కాంతం అంటుకుంటుంది. బసాల్ట్ కూడా మాగ్నటైట్ వల్ల అయస్కాంతాన్ని కొద్దిగా లాగుతుంది గనుక ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోకూడదు.

లాటరైట్ ముక్క గరుకుగా, తూట్లు తూట్లుగా ఉంటుంది కానీ గోటితోనో కత్తితోనో గీరితే ఎర్రటి పొడి రాలుతుంది. నల్లరేగడిలో దొరికే తెల్లటి సున్నపు గడ్డలు చిన్న జియోడ్లలా కనబడతాయి, కత్తికి ఇట్టే లొంగుతాయి. శాలిగ్రామం సంగతి వేరు. నేపాల్ గండకీ నదిలో దొరికే ఆ నల్లటి గుండ్రటి రాళ్లలో ఉండేది అమ్మోనైట్ శిలాజం. లోపల వలయాలు కనబడినంత మాత్రాన అది జియోడ్ కాదు.

చేతి అంచనా ఎందుకు చాలదు

"సైజుకు తగ్గ బరువు లేకపోతే జియోడే" అన్న సూత్రం అందరి నోటా ఉంది. సూత్రం సరైనదే, చేతితో తూకం వేయడమే సరిపోదు. ఖాళీ వ్యాసం సగం ఉంటే ఘనపరిమాణంలో అది ఎనిమిదో వంతే అవుతుంది. అందువల్ల లోపల చెప్పుకోదగ్గ గది ఉన్నా బరువులో తేడా చేతికి అంతగా తెలియదు.

10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి రాయిని తీసుకుందాం. ఘనపరిమాణం సుమారు 524 ఘన సెంటీమీటర్లు. క్వార్ట్జ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు కాబట్టి నిండుగా ఉంటే 1,390 గ్రాముల దాకా తూగాలి. మధ్యలో 4 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే 1,300 గ్రాములు, 5 సెంటీమీటర్లు ఉంటే 1,215, 6 ఉంటే 1,090. అంటే 4 సెంటీమీటర్ల ఖాళీ తగ్గించే బరువు 90 గ్రాములే. కిలోంబావు పైన తూగే రాయిలో ఆ తేడాను చేయి పట్టుకోలేదు. వంటింటి డిజిటల్ త్రాసు పట్టుకుంటుంది.

పద్ధతి సులువు. ముందు పొడి రాయిని గ్రాముల్లో తూచాలి. తర్వాత త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి అంకెను సున్నా చేయాలి. రాయిని దారంతో కట్టి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో మునిగేలా చేతితో పట్టుకోవాలి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

గ్రానైట్, క్వార్ట్జ్, కాల్సైట్ మూడూ 2.6, 2.7 మధ్యలో ఉంటాయి. గట్టి బసాల్ట్ 2.8 నుంచి 3 దాకా. చాల్సిడనీ చిప్ప స్పష్టంగా ఉన్న రాయికి 2.3 కంటే తక్కువ వస్తే లోపల ఖాళీ ఉందనడానికి గట్టి ఆధారం. చిప్ప సంగతి తేలకుండా అంకెను నమ్మితే మాత్రం చిక్కు. కాంక్రీట్ సాంద్రత సుమారు 2.4, ఇటుక ముక్కది ఇంకా తక్కువ. నీళ్లలో ముంచగానే బుడగలు ఆగకుండా వస్తుంటే రాయి అంతటా తూట్లు ఉన్నట్టు, అంటే లాటరైటో, బుడగల బసాల్టో. ఇంకో మెలిక కూడా ఉంది. మందపాటి బసాల్ట్ పొర అంటుకుని ఉన్న జియోడ్‌లో ఆ రాయి బరువు లోపలి ఖాళీని కప్పిపుచ్చుతుంది.

చెవి దగ్గర ఆడించి చూడడం కూడా వాడుకలో ఉంది. విరిగిన స్ఫటికం ముక్క లోపల ఉంటే గలగలమంటుంది. శబ్దం రాకపోతే ఏమీ తేలినట్టు కాదు.

చిప్ప ఏ ఖనిజం?

ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలమానం మీద చాల్సిడనీది 7కు కాస్త తక్కువ. పాత గాజు సీసాను అది గీస్తుంది. ఉక్కు బ్లేడు దాన్ని గీయలేదు, పైగా బ్లేడే అరిగి దాని మీద బూడిదరంగు గీత వదులుతుంది. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ కూడా గాజును గీస్తుంది కాబట్టి ఈ పరీక్ష సున్నపు గడ్డల్ని పక్కకు తప్పించడానికే. ఫోన్ టార్చ్‌ని పలచటి అంచుకు ఆనించినప్పుడు వెలుగు రాయిలోకి పాకి మెరిస్తే చాల్సిడనీ అనుకోవచ్చు. కాంక్రీట్, లాటరైట్, బసాల్ట్ వెలుగును రానివ్వవు.

కోయక తప్పకపోతే

పై పరీక్షలన్నీ నెగ్గిన రాయిని సుత్తితో బాదితే లోపలి స్ఫటికాలు చిట్లుతాయి. ఉలితో నడుము చుట్టూ తేలిగ్గా గీటు పెడుతూ తిప్పి తిప్పి కొడితే ఆ గీటు వెంట విడిపోయే అవకాశం ఎక్కువ. నీళ్లు పోస్తూ డైమండ్ బ్లేడుతో కోయడం ఇంకా మేలు. గ్రానైట్, మార్బుల్ పని చేసే చోట్ల ఆ సామగ్రి ఉంటుంది.

పొడిగా కోయకూడదు. క్వార్ట్జ్ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. కట్టర్ పట్టుకున్నవాళ్లకు తగిన మాస్కు, కళ్లద్దాలు ఉండాలి. గుడ్డ కట్టుకుంటే చాలదు.

కొన్నవి, రంగేసినవి

ఆన్‌లైన్‌లోనూ, వాస్తు, క్రిస్టల్ సామాన్ల దుకాణాల్లోనూ అమ్మే జియోడ్ల మీద అనుమానం వేరే రకం. చిప్ప నిజమైనదే ఉంటుంది, రంగు ఉండదు. చాల్సిడనీలో కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలుంటాయి, అవి రంగును బాగా పీల్చుకుంటాయి. ముదురు గులాబీ, మెరిసే నీలం అగేట్లలో ఎక్కువభాగం ఇలా వచ్చినవే. రంగు పగుళ్లలో చిక్కగా పేరుకుని ఉండడం ఒక గుర్తు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదికి రంగు అంటితే సందేహం తీరినట్టే, అంటకపోతే మాత్రం సహజమని కాదు. కాల్చిన ఎమెథిస్ట్ పసుపు, నారింజ రంగులోకి మారుతుంది, దాన్ని సిట్రిన్ పేరుతో అమ్ముతారు. పటికను కరిగించి చిప్పలో స్ఫటికాలు పెంచినవీ ఉన్నాయి, వేడినీళ్లలో పెడితే కరిగిపోతాయి.

సొంతంగా దొరికిన జియోడ్‌తో డబ్బొస్తుందా అన్న ప్రశ్నకు జవాబు నిరాశపరిచేదే. భూమి పైపొరలో క్వార్ట్జ్‌కు కొదవ లేదు. తెల్లటి స్ఫటికాలున్న చిన్న జియోడ్ అందమైన వస్తువే తప్ప రత్నం కాదు.

తీసుకురావచ్చా, ఎవరికి చూపించాలి

అనంతగిరి కొండల్లో చాలాభాగం రిజర్వ్ ఫారెస్టు. అనుమతి లేకుండా అక్కడ రాళ్లు తవ్వడం, తరలించడం చట్టరీత్యా నేరం. పొలాల్లో దొరికేవాటికి ముందు రైతు అనుమతి కావాలి. వికారాబాద్ పరిసరాల్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రెండు లావా ప్రవాహాల నడుమ చిక్కుకున్న చెరువు అడుగు మట్టి పొరలు ఇక్కడ ఉన్నాయి. నస్కల్ దగ్గర అలాంటి పొరలో డైనోసార్ల కాలం నాటి చిన్న క్షీరదాల శిలాజాలు బయటపడ్డాయి. చెకుముకి రాయిలా గట్టిగా, లోపల నత్తగుల్లల ఆకారాలతో కనబడే ముక్కను జియోడ్ అనుకుని పగలగొడితే పోయేది శిలాజం.

నిపుణులకు చూపించాలంటే హైదరాబాద్‌లో దారులున్నాయి. బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం, ఉస్మానియా యూనివర్సిటీలో భూగర్భశాస్త్ర విభాగం ఉన్నాయి. వెళ్లేటప్పుడు రాయితో పాటు అది దొరికిన చోటు ఫోటో, ఫోన్‌లో నమోదు చేసుకున్న లొకేషన్, చుట్టూ ఉన్న మట్టి రంగు, దగ్గర్లోని బండ ముక్క ఒకటి తీసుకెళ్తే పని సులువవుతుంది. కడిగి, నూనె రాసి తీసుకెళ్లొద్దు. పచ్చపూత, అంటుకున్న బసాల్ట్ పొడి వంటి ఆనవాళ్లు ఆ పైమట్టిలోనే ఉంటాయి.